పాలపుంతకి మరుగుజ్జు ఏంటండీ?

ఒక సందేహం. మా వాడు ఇక్కడ బెంగళూరులో ఎనిమిదో క్లాసు, స్కూల్లో తెలుగు లేదు కాబట్టి ఇంట్లోనే నేర్పిస్తున్నా. వాడికి ఆ నలుపలకల గెలాక్సీ (నక్షత్రాల మహా గుంపు) గురించి, అదే 2012లో ఆకారం సంగతి బయటపడ్డ లెడా 074886, నాలుగు లైన్లు రాసిద్దామని కూచుని, చిన్న గెలాక్సీని ఇంగ్లీషులో డ్వార్ఫ్ అంటారు కదా అని "మరుగుజ్జు పాలపుంత" అని మొదలెట్టానో లేదో మా ఆవిడ నవ్వడం మొదలెట్టింది. వాళ్ళది గోదావరి వైపు. "పుంత అంటే చేలల్లోకి పోయే బండి దారండీ, దారికి మరుగుజ్జు ఏంటి" అంది. నిజమే కదా! మన గెలాక్సీ లోపలుండి చూసే మనకి అది ఆకాశంలో పాలు ఒలికిన దారిలా కనబడుతుంది కాబట్టి పాలపుంత, కన్నడంవాళ్ళ క్షీరపథ కూడా దారే. 7 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్నదాన్ని బయట్నుంచి చూస్తూ పుంత అంటే ఎలా? మరేం అనాలి?

— గెలాక్సీ అనే ఉంచేయండి, అందరికీ తెలిసిన మాటే. మరుగుజ్జు బానే ఉంది, ప్లూటోకి వాడుతున్నాం కదా.

— కన్నడంలో ప్లూటోని కుబ్జ గ్రహ అంటారు, కుబ్జ గెలాక్సీ అంటే?

— వద్దండీ, మనకి కుబ్జ అంటే భాగవతంలో కృష్ణుడు నిటారుగా నిలబెట్టిన గూనిదే గుర్తొస్తుంది.

— దాన్ని ఇంగ్లీషులో ఎమరాల్డ్ కట్ అన్నారు, "పచ్చ గెలాక్సీ" అనొచ్చుగా?

— ఆకుపచ్చగా ఉంటుందనుకుంటారు సార్. నేను చిక్‌పేటలో నగల షాపులో లెక్కలు రాస్తా, అది రంగు కాదు, కోత. పచ్చ పెళుసు రాయి, కొస తగిలితే పెచ్చు లేస్తుంది, అందుకే పొడుగ్గా కోసి నాలుగు మూలలూ కొట్టేస్తారు. వజ్రాన్నీ అలా కోస్తారు.

మూలలు కొట్టేసినట్టు అన్నది కరెక్ట్ అండీ, సుబారు టెలిస్కోపు ఫోటోలో అచ్చం అలాగే ఉంది. మామూలుగా మరుగుజ్జులు గుండ్రంగానో కోడిగుడ్డులానో లేకపోతే ఏ ఆకారమూ లేకుండానో ఉంటాయి, ఇది మాత్రం డబ్బాలా ఉండి లోపల సన్నటి నక్షత్రాల బిళ్ళ ఒకటి సెకనుకి 33 కిలోమీటర్ల దాకా వేగంతో తిరుగుతోందట, అంచు మనవైపుంది. చివరికి మా ఆవిడే "పలక మరుగుజ్జు" అంది, నాకు నచ్చేసింది, రాసేశా. మా వాడు చదివి పలక అంటే ఏంటన్నాడు! మా అత్తగారింట్లో అటక మీద ఒకటుందట, మూలలు అరిగిపోయి. రేపు ఫోటో పంపిస్తానన్నారు.