శనివారం స్నో తుఫాను: యూరో మోడల్‌లో 18 అంగుళాలు, జీఎఫ్ఎస్ మోడల్‌లో 3. ఏది నమ్మాలి?

పొగమంచు:
అమెరికా ఈస్ట్ కోస్ట్ మీదకి వచ్చే నారీస్టర్ (తీరం వెంబడి వచ్చే పెద్ద తుఫాను) గురించే అండి. నిన్న రాత్రి 00జెడ్ (గ్రీన్‌విచ్ టైములో అర్ధరాత్రి లెక్క) యూరో, అంటే యూరప్ వాళ్ళ వాతావరణ మోడల్, మా ఏరియాకి 18 అంగుళాల స్నో చూపించింది, సంబరంగా పడుకున్నా, తెల్లారి 06జెడ్ జీఎఫ్ఎస్ (అమెరికా వాళ్ళ మోడల్) చూస్తే 3 అంగుళాలే, లో ప్రెషర్ మొత్తం సముద్రంలోకి జరిగిపోయింది. ఫోన్‌లో యాప్ అయితే గంటకో మాట చెప్తోంది. ఇంకా నాలుగు రోజులుంది. మేముండేది ఐ-95 హైవేకి కొంచెం పడమర, అంటే రెయిన్-స్నో లైన్ (వాన, స్నో విడిపోయే గీత) సరిగ్గా మా నెత్తి మీదే. ఉన్నది ఒకటే ఆకాశం కదా, రెండు మోడల్స్‌కి ఇంత తేడా ఎందుకొస్తోంది? ఇలా మోడల్ రన్‌లు (ఒక్కోసారి నడిపిన లెక్కలు) ఫాలో అవడం నాకు ఇదే మొదటి చలికాలం, కాస్త వివరంగా చెప్పండి.

రాత్రి_రాడార్:
ముందు ఆ రంగుల స్నో మ్యాప్ పక్కన పెట్టేయండి. ఈ తుఫానుకి మూలమైన షార్ట్‌వేవ్ (పైగాలిలో చిన్న అల) ఇంకా పసిఫిక్ మీదే ఉంది. నేల మీదైతే రోజుకి రెండుసార్లు, 00జెడ్‌కి 12జెడ్‌కి, బెలూన్లు ఎగరేసి పైగాలి టెంపరేచర్, తేమ, గాలి అన్నీ కొలుస్తారు, సముద్రం మీద ఆ బెలూన్లు దాదాపు ఉండవు, శాటిలైట్లూ విమానాలూ ఇచ్చిన డేటాతోనే నెట్టుకురావాలి. అక్కడ మొదట్లో చిన్న తేడా ఉన్నా నాలుగు రోజులకి అది వంద మైళ్ళ తేడా అయి కూర్చుంటుంది. పైగా ఉత్తరం నుంచి దిగే చల్లటి వేవ్ దీనితో టైముకి కలిస్తే ఆ లో ప్రెషర్ తీరాన్ని పట్టుకుని పైకొస్తుంది, కలవకపోతే తూర్పుకి జారిపోతుంది. రెండు మోడల్స్ కొట్టుకుంటున్నది ఇక్కడే.

ఇప్పుడు చూడాల్సింది ఎన్సెంబుల్. యూరోలో మొదటి పరిస్థితులు కొంచెం కొంచెం మార్చి 50 సార్లు నడుపుతారు, ఆ లో ప్రెషర్ సెంటర్లన్నీ ఒకే మ్యాప్ మీద చుక్కలుగా వేసి చూడండి, గుంపు ఎక్కడుందో, రన్ రన్‌కీ ఎటు జరుగుతోందో అదే అసలు వార్త.

తెల్లచలి:
పైన చెప్పింది కరెక్ట్. యూరో చెప్పింది కదా అని ధీమాగా ఉండొద్దు, నాకు 2015 జనవరి గుర్తుంది. న్యూయార్క్ సిటీకి రెండడుగులన్నారు, సబ్‌వే కూడా ఆపేశారు, తీరా సెంట్రల్ పార్క్‌లో పడింది 9.8 అంగుళాలు. అదే తుఫాను లాంగ్ ఐలాండ్ తూర్పు వైపు మాత్రం రెండడుగులు కుమ్మేసింది. స్నో పశ్చిమపు అంచు యాభై మైళ్ళు తూర్పుకి జరిగిందంతే. అప్పుడు యూరోనే స్నోని పడమరకి ఎక్కువ లాగింది, జీఎఫ్ఎస్ తక్కువే చూపించింది. మరుసటి ఏడాది 2016 జనవరిలో దాదాపు వారం ముందు నుంచే మోడల్స్ అన్నీ ఒకే మాట మీదున్నాయి, సెంట్రల్ పార్క్‌లో 27.5 అంగుళాలు పడింది. అందుకే నేను ఏ మోడల్ అని చూడను, ఎన్ని ఒప్పుకుంటున్నాయి అని చూస్తా.

స్లీట్_చప్పుడు:
పొగమంచు గారూ, మీరున్న చోటుకి ట్రాక్ (తుఫాను వెళ్ళే దారి) ఒక్కటే సరిపోదు. రెయిన్-స్నో లైన్ దగ్గర కొంప ముంచేది వామ్ నోస్, అంటే మధ్యలో దూరే వేడి గాలి పొర. కింద ఫ్రీజింగ్ ఉన్నా, పైన ఐదారు వేల అడుగుల ఎత్తులో సముద్రం గాలి దూరి సున్నా దాటిందంటే స్నో అక్కడ కరిగి, కింద మళ్ళీ గడ్డకట్టి స్లీట్ అయి పడుతుంది. చాలా స్నో మ్యాపులు ఆ స్లీట్‌ని కూడా 10:1 లెక్కలో (అంగుళం నీటికి పది అంగుళాల స్నో) స్నోగా కలిపేస్తాయి, మీ 18లో సగం అదే అయుండొచ్చు. సౌండింగ్ (ఎత్తుని బట్టి టెంపరేచర్ చూపే గ్రాఫ్) ఓపెన్ చేసి టెంపరేచర్ గీత మధ్యలో ఎక్కడైనా సున్నా దాటుతోందా చూడండి.

శనివారం బయట నిలబడితే మీకే తెలుస్తుంది, స్నో పడేటప్పుడు చడీచప్పుడు ఉండదు, స్లీట్ మొదలవగానే జాకెట్ చేతి మీద చిటచిటమని వినిపిస్తుంది, గింజలు పడి ఎగిరి జారిపోతాయి. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ నా గుండె జారిపోతుంది.

48 గంటల్లోపుకొచ్చాక నామ్ (ఇంకో అమెరికా మోడల్) చూడండి, ఈ వేడి పొరని పట్టడంలో అది చాలాసార్లు ముందుంటుంది.

రాత్రి_రాడార్:
నామ్‌ని వేడి పొర వరకే నమ్మండి బ్రో, పడే మొత్తం మాత్రం అది తరచూ ఎక్కువ చేసి చూపిస్తుంది. నాకు తెలిసి చాలామంది ఆశ పెట్టుకుని దెబ్బతినేది అక్కడే.

పొగమంచు:
చాలా థాంక్స్ అండి అందరికీ. 12జెడ్ ఎన్సెంబుల్ ఇప్పుడే చూశా, చుక్కలు రెండు గుంపులుగా ఉన్నాయి, తీరానికి దగ్గరగా పెద్దది, దూరంగా తూర్పున చిన్నది. నిన్నటి కంటే పెద్ద గుంపు కొంచెం పడమరకే వచ్చినట్టుంది. సౌండింగ్‌లో మాత్రం శనివారం మధ్యాహ్నం గీత సున్నాని తాకుతోంది, మీరన్నది నిజమే. కొలవడానికి తెల్లరంగు వేసిన చెక్క రెడీగా పెట్టుకున్నా, ఎన్ని గంటలకోసారి తుడవాలి?

తెల్లచలి:
కొలిచాకే తుడవాలి, అదీ ఆరు గంటల్లోపు కాదు. గంటగంటకీ తుడిచి కూడితే లెక్క పెరిగిపోతుంది, ఎందుకంటే స్నో తన బరువుకి తనే అణగాలి కదా, అది అణగనివ్వనట్టు అవుతుంది. గోడ పక్కన పెట్టకండి, గాలికి గుట్ట పడుతుంది. షార్ట్‌వేవ్ రేపు రాత్రికి వెస్ట్ కోస్ట్ దాటుతోంది, బెలూన్ల డేటా బాగా ఎక్కే మొదటి రన్ ఎల్లుండి పొద్దున్న 12జెడ్. అప్పుడు మళ్ళీ ఇక్కడే కలుద్దాం.