బాదేపల్లి పాత బజారు బిల్డింగు మీద ఉన్న 1351 ఏ సంవత్సరం?

అడిగినవారు: బట్టల మడిగె, బాదేపల్లి

మా నాయన నడిపిన బట్టల దుకాణాన్నే ఇప్పుడు నేను నడుపుతున్నాను. జడ్చర్ల బాదేపల్లి పాత బజారులో, రెండంతస్తుల పాత బిల్డింగులో కింది మడిగె మాది, కిరాయికి. పైన పిట్టగోడ మీద గచ్చులో ఉర్దూ అంకెలతో 1351 అని ఉంది. బజారులో కొందరు దాన్ని చూపించి, ఆరువందల ఏళ్ళు దాటిన కట్టడం అంటారు. నాకు నమ్మకం కుదరడం లేదు.

కింద నాలుగు మడిగెలు, మధ్యలో ఎడ్లబండి పట్టేంత దర్వాజా, వెనక వాకిలి, దాని చుట్టూ అర్రలు. ఒక అర్రలో దూలానికి లావుపాటి ఇనుప కొండి ఉంది, ఎందుకో తెలియదు. నేలంతా షాబాదు బండలు. లోపల టేకు దూలాలు, ముందు వరండాకు మాత్రం ఇనుప గర్డర్లు.

ఓనర్లు హైదరాబాద్‌లో ఉంటారు. వచ్చే ఏడాది దీన్ని పడగొట్టి కాంప్లెక్స్ కడతారట. కాగితాలు చూపిస్తామన్నారు, కానీ అన్నీ ఉర్దూలోనే ఉన్నాయి. మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన బిల్డింగు ఇది. కూలేలోపు దీని చరిత్ర రాసి పెట్టాలి. ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పండి.

జవాబు: పాత దస్తావేజులు, పాలమూరు

తమ్ముడూ, అది క్రీస్తు శకం కానే కాదు. నిజాం రాజ్యంలో కచేరీ లెక్కలన్నీ ఫసలీలో, అంటే శిస్తు లెక్కల కోసం పెట్టుకున్న సంవత్సరాల్లో నడిచేవి. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. అంటే 1351 ఫసలీ 1941 అక్టోబరులో మొదలై 1942 అక్టోబరు దాకా. అయితే తొందరపడకు. అదే అంకె హిజ్రీ అయితే 1932-33 అవుతుంది. తొమ్మిదేళ్ళ తేడా.

తేల్చుకోవడానికి దస్తావేజులో నెల పేరు చదివించు. ఆజర్, దై, బహమన్, ఖుర్దాద్ లాంటి పేరుంటే ఫసలీ. ముహర్రం, రజబ్, షాబాన్ ఉంటే హిజ్రీ. ధర దగ్గర 'హాలీ' అని ఉంటే అది నిజాం రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు, అంటే ఇంగ్లీషు రూపాయలకు సమానం. ఆ లెక్క వేయకుండా ధర రాస్తే చదివేవాళ్ళు తప్పుగా అర్థం చేసుకుంటారు.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డు కోసం తిరగకు, అది సాగు భూములది. ఉర్దూ రికార్డులకు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్ళొచ్చు, కానీ ముందు ఓనర్ల దగ్గరున్నవి చదివించు.

జవాబు: కాటా మనవరాలు, భువనగిరి

ఆ కొండి కాటా కొండి అన్నా! మా తాత దడువాయి, అంటే సరుకు తూచే పని చేసేవాడు. బస్తాలు తూచే పెద్ద త్రాసును అట్లాంటి కొండికే వేలాడదీసేవాళ్ళు. బండి పట్టే దర్వాజా, వాకిలి, చుట్టూ అర్రలు అన్నారంటే అది అడ్తి దుకాణమే, అంటే రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే కొట్టే అనిపిస్తోంది. రైతు బండి లోపలికి వస్తుంది, పల్లికాయో ఆముదాలో దింపుతారు, తూకం అవుతుంది, సరుకు అర్రల్లోకి పోతుంది. ముందు మడిగెలో సేటు గల్లాపెట్టె ముందు కూర్చుని చిట్టా రాయిస్తాడు.

బాదేపల్లిలో ఇంత వ్యాపారం పెరగడానికి రైలు కూడా కారణం. 1916లో సికింద్రాబాద్ నుంచి గద్వాల దాకా మీటర్ గేజ్ పడింది, జడ్చర్ల స్టేషన్ ఆ దారిలోనే. అమ్మకాలు మార్కెట్ యార్డుల్లోకి మారాక ఇట్లాంటి ఇళ్ళు ఎన్నో బట్టల కొట్లు, మందుల షాపులు అయిపోయాయి. కట్టించిన సేటు పేరొక్కటే రాస్తే సగం చరిత్రే. అక్కడ మోసిన హమాలీలను అడగండి, ఎనభై దాటినవాళ్ళు ఇంకా ఉంటారు. ఏ సరుకు ఏ అర్రలో పోసేవాళ్ళో, కూలి ఎట్లా పంచుకునేవాళ్ళో వాళ్ళకే గుర్తుంటుంది.

గర్డర్ల పక్క భాగం మీద రంగు గీకి చూడండి. కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. టాటా అని ఉంటే 1912 తర్వాతిదే, జంషెడ్‌పూర్‌లో ఉక్కు పోయడం అప్పుడే మొదలైంది. డోర్మన్ లాంగ్ అని ఉంటే ఇంగ్లాండు సరుకు.

అడిగినవారి జవాబు

అన్నా, చెల్లీ, ఇద్దరికీ దండాలు. మసీదు దగ్గర ఒక పెద్దాయనతో దస్తావేజు చదివించాను. నెల ఖుర్దాద్, సంవత్సరం 1351. జాగా కొన్న కాగితం అదే, ధర హాలీలోనే ఉంది. గర్డర్ మీద టాటా అని స్పష్టంగా కనబడింది. వెనక అర్రల్లో పనిచేసిన ఒక తాత జాడ కూడా దొరికింది, ఆదివారం కలుస్తాను.

జవాబు: పాత దస్తావేజులు, పాలమూరు

ఖుర్దాద్ అంటే 1942 ఎండాకాలం. పిట్టగోడ మీద కూడా 1351 ఉందంటే కొన్న ఏడాదే కట్టడం మొదలుపెట్టి ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు, ఇనుము దొరకడం కష్టం. గర్డర్లు వరండా వరకే వేసి లోపల టేకు వాడింది అందుకేనేమో, తాతను అడుగు. గర్డర్ అక్షరాలు ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టు. అర్రల గోడల మీద బొగ్గుతో గీసిన బస్తాల లెక్కలు ఉంటాయి, వాటిని కూడా వదలకు. ఓనర్లతో ఇప్పుడే మాట్లాడి, దర్వాజా, కాటా కొండి, అంకెలున్న గచ్చు ముక్క పగలకుండా తీయించమని చెప్పు. జేసీబీ వచ్చిన రోజు అడిగితే ఎవరూ ఆగరు.