వర్షాకాలంలో వంశధారపై తెప్ప ప్రయాణం: రాత్రి బస ఎక్కడ?

మాది రాయగడ జిల్లా గుణుపురం. ఈ శ్రావణంలో మిత్రులమంతా గాలి నింపే రబ్బరు తెప్పపై వంశధార వెంట కాశీనగరం వైపు దిగి, ఒక రాత్రి ఒడ్డున గుడారం వేసుకుని, హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీకి చాలా ఎగువనే ప్రయాణం ముగించాలనుకుంటున్నాము. ఇక్కడ చినుకు లేకపోయినా కలహండి కొండల్లో కురిసిన వాన ఏటిని రాత్రికి రాత్రే పొంగించగలదు కనుక, ఇసుక తిన్నెల మీద పడుకోవడం నాకు సమ్మతం కాదు; మిత్రులకు మాత్రం తిన్నెలే ముద్దు. వరద అందని మెట్ట, రోడ్డుకు దగ్గరగా, ఆ దారిలో ఎక్కడుందో ఏటి ఒడ్డు ఊళ్లవారు ఎవరైనా దయచేసి చెప్పగలరా? ఎగువన నీటిమట్టం ఎంతుందో ఎవరిని అడిగి తెలుసుకోవాలి? లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయి. బయలుదేరే ఉదయం నీరు ఎర్రబడి, కొమ్మలూ దుంగలూ కొట్టుకొస్తుంటే ప్రయాణం మానుకోవలసిందేనా?