ఫెలోషిప్ డబ్బులు టాక్స్ రిటర్న్‌లో ఎక్కడ చూపించాలి? నాకు కోత పడింది, పక్క బెంచి అతనికి పడలేదు

ప్రశ్న
రాసినవారు: పైపెట్‌పాప

అందరికీ నమస్తే. అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద బయాలజీ పీహెచ్‌డీ చేస్తున్నాను. 2021 ఆగస్టులో వచ్చాను. ఇన్నేళ్లూ టీఏ (టీచింగ్ అసిస్టెంట్) కాబట్టి ఏటా డబ్ల్యూ-2 అనే జీతం ఫారం వచ్చేది, అందులో అంకెలు చూసి 1040-ఎన్ఆర్ అనే టాక్స్ రిటర్న్ నింపి పంపేసేదాన్ని. గంట పని. ఈసారి రెండు వారాలుగా అవే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

2025 జనవరి నుంచి జూన్ దాకా టీఏ. నెలకి 2,200 చొప్పున 13,200 డాలర్లు, అందులో 1,030 ఫెడరల్ టాక్స్ పట్టుకున్నారు. ఇది డబ్ల్యూ-2లో ఉంది, దీనితో గొడవ లేదు. జూలై నుంచి ఫెలోషిప్ మొదలైంది. నెలకి 2,800 అని లెటర్‌లో రాశారు. తీరా జూలై నెలాఖరున బ్యాంకు యాప్ తెరిస్తే 2,408 పడింది. ఏదో సగం జీతం వేశారేమో, మిగతాది రేపు పడుతుందేమో అని రెండు రోజులు చూశాను. అద్దె కట్టాల్సిన రోజులు అవి. 14 శాతం, అంటే నెలకి 392 డాలర్లు, ముందే టాక్స్ కింద తీసేశారని తర్వాత తెలిసింది. ఆరు నెలలకి 2,352. ఇప్పుడు 2026 మార్చిలో 1042-ఎస్ అనే ఫారం వచ్చింది. ఒకటో గడిలో కోడ్ 16 (అంటే స్కాలర్‌షిప్, ఫెలోషిప్ డబ్బు), రెండో గడిలో 16,800, 7ఎ గడిలో 2,352.

మా ల్యాబ్‌లోనే ఇంకో అబ్బాయికి అదే ఫెలోషిప్, అంతే డబ్బు. అతను 2020లో వచ్చాడు. అతనికి నెలనెలా పూర్తి 2,800 పడుతోంది, ఫెలోషిప్‌కి ఏ ఫారమూ రాలేదు. "స్కాలర్‌షిప్ మీద టాక్స్ ఉండదు, నీకు పొరపాటున పట్టుకున్నారు" అంటాడు. నా రూమ్మేట్ ఏమో "14 శాతం కట్టేశావుగా, ఇంక ఆ డబ్బు సంగతి మర్చిపో" అంటుంది. అందరూ వాడే ఒక సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించబోతే "ఇది సొంత వ్యాపారం ఆదాయమా?" అని అడిగింది. అక్కడ ఆపేశాను.

ఇంకోటి. ఫెలోషిప్ డబ్బులోంచే ఒక స్టాటిస్టిక్స్ కోర్సు పుస్తకాలకి 240 డాలర్లు పెట్టాను, కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను, కాన్ఫరెన్స్‌కి ఫ్లైట్ టికెట్ కొన్నాను. ఇవి లెక్కలోంచి తీసేయొచ్చా? తప్పు రిటర్న్ వేస్తే రేపు వీసా దగ్గర ఏమైనా అడుగుతారేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

---

జవాబు
రాసినవారు: క్యాంపస్_వాలంటీర్

ఉచితంగా రిటర్నులు వేసిపెట్టే వీటా క్యాంపులో నాలుగేళ్లుగా కూర్చుంటున్నానండి. మార్చిలో వచ్చే విద్యార్థుల్లో చాలామంది ఇదే ప్రశ్నతో వస్తారు. మీ అంకెలన్నీ ఇచ్చారు కాబట్టి వాటితోనే చెప్తాను.

ముందు తేల్చుకోవాల్సింది ఫెలోషిప్ సంగతి కాదు. టాక్స్ లెక్కలో మీరు రెసిడెంటా, నాన్ రెసిడెంటా అన్నది. అది ఇక్కడ ఉన్న రోజుల్ని బట్టి తేలుస్తారు. కానీ ఎఫ్-1 మీద వచ్చినవాళ్లకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల రోజులు లెక్కలోకి తీసుకోరు. సంవత్సరంలో ఒక్కరోజు ఉన్నా అది ఒక సంవత్సరం కిందే లెక్క. మీరు ఆగస్టులో దిగినా 2021 ఒకటి అయిపోయింది. అలా 2025తో ఐదు. కాబట్టి ఈసారికి మీరు నాన్ రెసిడెంటే. ఎప్పటిలాగే 1040-ఎన్ఆర్, దానితోపాటు ఆ రోజులు లెక్కలోకి రావని చెప్పే 8843 ఫారం. మీ ల్యాబ్ అబ్బాయికి 2024తోనే ఐదూ నిండాయి. 2025లో కనీసం 183 రోజులు ఇక్కడ ఉండి ఉంటే అతను రెసిడెంట్, మామూలు 1040 వెయ్యాలి. రెసిడెంట్‌కి ఇచ్చే ఫెలోషిప్‌లో యూనివర్సిటీ టాక్స్ పట్టుకోవక్కర్లేదు, ఫారం రాకపోవడమూ మామూలే. పట్టుకోలేదంటే టాక్స్ లేదని అర్థం కాదు. మీ ఇద్దరికీ ఒకటే నియమం. మీ టాక్స్ ముందే వెళ్లిపోయింది, అతనిది ఇంకా అతని ఖాతాలోనే ఉంది. ఈ మాట ఈరోజే అతనికి చెప్పండి, ఏప్రిల్ 15 ఎంతో దూరం లేదు.

ఇక స్కాలర్‌షిప్ మీద టాక్స్ ఉండదన్న మాట సగమే నిజం. డిగ్రీ చదివేవాళ్లకి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సుకి తప్పనిసరని చెప్పిన పుస్తకాలు, పరికరాలు, వీటికి ఖర్చయిన మేరకే టాక్స్ ఉండదు. అద్దె, తిండి, ప్రయాణాలకి వాడుకున్నదంతా ఆదాయమే. మీ 240 డాలర్ల పుస్తకాలు ఆ కోర్సు సిలబస్‌లో తప్పనిసరి అని ఉంటే తీసేయొచ్చు, రసీదులూ సిలబస్ కాపీ దాచుకోండి. ఫ్లైట్ టికెట్ కుదరదు. ల్యాప్‌టాప్ కోర్సులో ప్రతి విద్యార్థికీ తప్పనిసరి అయితేనే, మన సౌకర్యానికి కొనుక్కుంటే కాదు.

కాబట్టి 16,800లో 240 పోగా 16,560. దీన్ని రిటర్న్‌కి జతచేసే షెడ్యూల్ 1 అనే పేజీలో 8ఆర్ అనే లైన్‌లో చూపించండి, డబ్ల్యూ-2లో రాని స్కాలర్‌షిప్, ఫెలోషిప్ డబ్బుకే ఆ లైన్ పెట్టారు. సొంత వ్యాపారం అని మాత్రం పొరపాటున కూడా ఎక్కించకండి. అలా చేస్తే షెడ్యూల్ సి (సొంత వ్యాపారం ఫారం) వచ్చి, మామూలు టాక్స్ కాకుండా మరో 15.3 శాతం లెక్క కట్టేస్తుంది. ఫెలోషిప్‌కి అది వర్తించదు. పట్టుకున్న 2,352ని 1040-ఎన్ఆర్‌లో 25జి లైన్‌లో రాయాలి. డబ్ల్యూ-2 టాక్స్ రాసే లైన్ 25ఎ, రెండూ కలిపెయ్యకండి.

మీ రూమ్మేట్ చెప్పిన మాట గురించి. ఆ 14 శాతం ఖరారైన టాక్స్ కాదు, బయానా లాంటిది. అసలు లెక్క రిటర్న్‌లోనే తేలుతుంది. ఇక్కడే మనవాళ్లకి ఒక పెద్ద వెసులుబాటు ఉంది. మామూలుగా నాన్ రెసిడెంట్‌కి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి ముందే తీసేసే నిర్ణీత మొత్తం) ఉండదు. కానీ భారత్, అమెరికా పన్ను ఒప్పందంలో ఆర్టికల్ 21, రెండో పేరా ప్రకారం మన దేశం నుంచి వచ్చిన విద్యార్థులకి అది ఇస్తారు. 2025కి పెళ్లికానివాళ్లకి అది 15,750 డాలర్లు.

లెక్క చూడండి. జీతం 13,200, ఫెలోషిప్ 16,560, మొత్తం 29,760. అందులో 15,750 తీసేస్తే 14,010. దాని మీద టాక్స్ సుమారు 1,445. మీరు ఇప్పటికే కట్టింది 1,030, 2,352 కలిపి 3,382. అంటే సుమారు 1,937 డాలర్లు మీకే వెనక్కి రావాలి. ఒప్పందం సంగతి తెలియక డిడక్షన్ వదిలేస్తే టాక్స్ 3,330 దాటుతుంది, చేతికి యాభై డాలర్లు కూడా రావు. ఆ ఒక్క లైన్ కోసం నేను క్యాంపులో ప్రతి ఒక్కరి రిటర్నూ రెండుసార్లు చూస్తాను. కొందరు మూడేళ్లుగా అది వదిలేసి వస్తుంటారు, చూస్తే బాధేస్తుంది.

స్టేట్ టాక్స్ వేరే. మీ స్టేట్ ఏదో చెప్పలేదు, టెక్సస్, ఫ్లోరిడా లాంటి చోట అయితే ఆ పని లేదు.

---

జవాబు
రాసినవారు: థీసిస్_అయిపోయింది

చెల్లీ, మీ ల్యాబ్ అబ్బాయి కోసం రాస్తున్నాను. ఎందుకంటే అతనున్న చోటే నేను ఉండి వచ్చాను.

నేను 2018 ఆగస్టులో వచ్చాను. 2022తో ఐదేళ్లు అయ్యాయి. 2023 ఏడాదంతా ఫెలోషిప్ మీదే ఉన్నాను, 34,000 డాలర్లు. ఒక్క డాలర్ కోత లేకుండా పడేది. నాకు ఎంత సంతోషంగా ఉండేదో. అమ్మకి కంటి ఆపరేషన్ ఉంటే అడగకముందే పంపించాను. 2024 ఫిబ్రవరిలో డబ్ల్యూ-2 రాలేదు, మార్చిలో 1042-ఎస్ కూడా రాలేదు. కాగితమే లేదు కాబట్టి రిటర్న్ వెయ్యాల్సిన పనీ లేదనుకుని, నిజంగానే వెయ్యలేదు.

అక్టోబర్‌లో ఇల్లు మారుతూ ఫైళ్లు సర్దుతుంటే ఫెలోషిప్ అవార్డ్ లెటర్ చేతికి తగిలింది. మొదటి పేజీ నాకు కంఠతా వచ్చు, అభినందనలు, మొత్తం, తేదీలు. రెండో పేజీ ఎప్పుడూ చదవలేదు. అడుగున సంతకానికి పైన చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలు: ఈ మొత్తం మీద టాక్స్ పడొచ్చు, మేము పట్టుకోము, చూసుకోవాల్సిన బాధ్యత మీదే అని. అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చుని ఆ రెండు వాక్యాలే ఎన్నిసార్లు చదివానో.

ఆ ఏడాది స్టాండర్డ్ డిడక్షన్ 13,850 పోగా నాకు పడ్డ టాక్స్ 2,200. నవంబర్‌లో 1040 వేసి కట్టేశాను. ఆలస్యంగా వేస్తే నెలకి 5 శాతం చొప్పున పెరిగే పెనాల్టీ ఉంటుంది, 25 శాతం దాకా పోతుంది. కట్టడం ఆలస్యమైనందుకు ఇంకోటి, పైన వడ్డీ. నోటీసు వచ్చాక ఫోన్ చేసి, అంతకుముందు మూడేళ్లు సరిగ్గానే వేశాను, ఇది మొదటిసారి అని చెప్పి మాఫీ అడిగాను. ఆలస్యానికి వేసిన రెండు పెనాల్టీలూ తీసేశారు. టాక్స్ మీద వడ్డీ మాత్రం కట్టాను. అలా అడగొచ్చని చాలామందికి తెలియదు, అందుకే చెప్తున్నాను.

వీసాకి ఏమైనా అవుతుందా అన్నారు. వెయ్యకుండా ఉండటంకంటే ఆలస్యంగానైనా సరిగ్గా వెయ్యడం ఎప్పుడూ మంచిది. వేసేశాకే నాకు నిద్ర పట్టింది.

తర్వాతి ఏడాది నుంచి అక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కి మూడు నెలలకోసారి నేనే కట్టేదాన్ని, 1040-ఈఎస్ అనే ముందస్తు చెల్లింపు ఫారం కింద. స్టైపెండ్ పడిన రోజే 200 డాలర్లు వేరే సేవింగ్స్ ఖాతాలోకి మళ్లించేదాన్ని. ఆ ఖాతా కార్డు ఇంట్లో బీరువాలోనే ఉండేది.

---

జవాబు
రాసినవారు: పైపెట్‌పాప

వాలంటీర్ గారూ, అక్కా, ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని పూర్తిచేశాను. పుస్తకాలు సిలబస్‌లో తప్పనిసరి అనే ఉన్నాయి, రసీదులు ఈమెయిల్‌లో దొరికాయి. రిఫండ్ 1,937 అనే వచ్చింది. పాత రిటర్నులు కూడా తీసి చూశాను, మూడేళ్లలో స్టాండర్డ్ డిడక్షన్ పెట్టాను, 2022కి మాత్రం వదిలేశాను. అది 1040-ఎక్స్ (సవరణ రిటర్న్) వేసి సరిచేయొచ్చా?

అక్క రాసింది మా ల్యాబ్ అబ్బాయికి చూపించాను. ముందు నమ్మలేదు. తన అవార్డ్ లెటర్ తెరిచి రెండో పేజీ చదివాక చాలాసేపు మాట్లాడలేదు. శనివారం ఇద్దరం కూర్చుని అతని 1040 వేస్తున్నాం.

ఇంకో సందేహం. 2026లో నేను కూడా రెసిడెంట్ అవుతానుగా. నాకూ కోత ఆగిపోతుందా?

---

జవాబు
రాసినవారు: క్యాంపస్_వాలంటీర్

2022ది వేయొచ్చు, కానీ ఆలస్యం చెయ్యకండి. రిటర్న్ వేసినప్పటి నుంచి మూడేళ్లలోపే రిఫండ్ అడగాలి. 2022 రిటర్న్ 2023 ఏప్రిల్ 18 గడువులోపు వేసి ఉంటారు, ఆ మూడేళ్లు ఈ ఏప్రిల్‌తోనే అయిపోతాయి. అందుకని శనివారం అతని 1040 కంటే ముందు ఇది చెయ్యండి.

కోత సంగతి: ఈ ఏడాది ఇక్కడే ఉంటారు కాబట్టి అవును, రెసిడెంట్ అవుతారు. మీ పేరోల్ వాళ్లకి ఆ వివరం ఇస్తే 14 శాతం ఆపేస్తారు. అప్పుడు మీరే కట్టుకోవాలి. తేదీలు ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, వచ్చే జనవరి 15. పోయిన ఏడాది మీ మొత్తం టాక్స్ 1,445 కదా, దాన్ని నాలుగు చేసి ఒక్కోసారి 362 చొప్పున గడువులోపు కడితే పెనాల్టీ పడదు. ఏడాది చివర ఇంకా తేలింది ఉంటే 2027 ఏప్రిల్‌లో రిటర్న్‌తో కట్టేయొచ్చు.

---

జవాబు
రాసినవారు: పైపెట్‌పాప

2022 సవరణ రిటర్న్ ఈరోజే ప్రింట్ తీశాను. రేపు ల్యాబ్‌కి వెళ్లే దారిలో పోస్టాఫీసులో సర్టిఫైడ్ మెయిల్‌లో వేస్తాను. నాలుగు తేదీలూ ఫోన్‌లో పెట్టుకున్నాను, పక్క బెంచి అతని ఫోన్‌లో కూడా.