అంబాసిడర్ టాప్ తగ్గించాం, ముందు అద్దం కోస్తుంటే పగులుతోంది

అన్నలూ, మాది హన్మకొండ. పాత అంబాసిడర్ టాప్ రెండున్నర అంగుళాలు కిందికి దించాం, షోకి పెట్టడానికే, రోడ్డు మీదికి తీసేది లేదు. టాప్‌ని మోసే పిల్లర్లన్నీ కోసి వెల్డింగ్ అయిపోయింది, డోర్లు కూడా సాఫ్‌గా పడుతున్నాయి. డోర్ అద్దాల గొడవ తీరింది. పాతవి టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం, కోయడం కుదరదు), కట్టర్ పెట్టగానే మురమురాల్లా రాలిపోయాయి (తెలిసీ చేశా, నాదే బుద్ధి తక్కువ), అట్టముక్కతో కొలత తీసి బల్లపరుపు లామినేటెడ్ (రెండు అద్దం పొరల మధ్య ప్లాస్టిక్ ఫిల్మ్ ఉండేది) కోయించి వేసేశా.

తంటా అంతా ముందు అద్దంతోనే. దానికీ లామినేటెడ్‌దే కొన్నా, కానీ వంపు ఉంటుంది కదా. మొదటిసారి రెండు వైపులా గీత గీసి, మెల్లగా విరిచి, మధ్యలో ఫిల్మ్‌ని వేడిచేసి బ్లేడుతో కోశాం. మధ్యలో నీట్‌గా వచ్చింది, మూలకు ఆరంగుళాల దూరంలో వంపు మొదలయ్యే చోట లోపలి పొర టిక్కుమని చీలింది. రెండోసారి గ్రైండర్‌కి డైమండ్ బ్లేడ్ వేసి నీళ్లు పోస్తూ కోశాం, కోత బాగానే వచ్చింది, తీరా అద్దం చుట్టూ రబ్బర్ బీడింగ్ (ఫ్రేమ్‌లో పట్టి ఉంచే రబ్బరు పట్టీ) పెట్టి, దాని అంచుని తాడుతో ఫ్రేమ్ మీదికి లాగుతుంటే అదే మూల దగ్గర మళ్లీ పగులు. ఫ్రేమ్‌కీ అద్దానికీ మధ్య సందు చూశా, చుట్టూ 5 మిల్లీమీటర్లు ఉంది, ఎక్కడా బిగుతు లేదు.

రెండు అద్దాలు పోయాయి, మూడోది ఇంట్లో గోడకి ఆనించి ఉంది, ముట్టుకోవాలంటే టెన్షన్. ఆటోనగర్‌లో ఒకాయన ఉంచాల్సిన భాగానికి టేపు వేసి, మిగతాది సాండ్ బ్లాస్టింగ్‌తో (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి) అరగదీస్తే పగలదు అంటున్నాడు, ఆయనా చేసి చూడలేదట. మీలో ఎవరైనా వంపున్న లామినేటెడ్ అద్దాన్ని అలా సాండ్ బ్లాస్టింగ్‌తో తగ్గించారా, బీడింగ్‌లో ఎక్కించాక మూలలు నిలిచాయా?