కొత్తగా ఫ్లై ఫిషింగ్: చేతిలో ఉన్న 250 డాలర్లు రాడ్ మీద పెట్టాలా, లైన్ మీద పెట్టాలా?

కమ్మింగ్ కొత్తవాడు

అందరికీ నమస్కారం. అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్‌లో ఉంటున్నాను. బ్యూఫోర్డ్ డ్యామ్ మాకు దగ్గరే. డ్యామ్ దిగువన చాటహూచీ నదిలో తొడలోతు నీళ్లలో నిలబడి, తల మీదుగా దారాన్ని (దాన్నే లైన్ అంటారట) ముందుకూ వెనక్కూ ఊపుతూ ట్రౌట్ చేపలు పట్టేవాళ్లను ఏడాదిగా ఒడ్డున నిలబడి చూస్తున్నాను. ఇక చూసింది చాలు, నేర్చుకోవాలని ఉంది.

చిన్నప్పుడు మా ఊరి చెరువులో వెదురు గాలానికి బెండు కట్టి, వానపామును గుచ్చి చేపలు పట్టాను. అంతకుమించి అనుభవం లేదు. 250 డాలర్లు దాటి ఖర్చు చేయలేను. దుకాణంలో అడిగితే "ముందు మంచి రాడ్, అంటే గాలం కర్ర కొనండి, మిగతావి మెల్లగా చూసుకోవచ్చు" అన్నారు. ఆఫీసులో ఒక మిత్రుడేమో అన్నీ కలిపి పెట్టెలో వచ్చే కిట్ చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

రాస్వెల్ వాసి

దుకాణం వాళ్లు చెప్పిందే సరైనది. నేను మొదట చవక కిట్ కొన్నాను. మూడో నెలలో రాడ్ కొన విరిగింది. దారం చుట్టుకునే రీల్ మర ఊడి నదిలో పడిపోయింది. మళ్లీ మొదటి నుంచి అన్నీ కొన్నాను. ఒక్కసారే 200 పెట్టి మంచి రాడ్ తీసుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది. పేరున్న కంపెనీల రాడ్లకు ఏళ్ల తరబడి వారంటీ ఉంటుంది, విరిగితే కొద్దిపాటి రుసుముతో బాగుచేసి పంపుతారు. రాడ్ పదేళ్లు ఉంటుంది. లైన్ మూడేళ్లకు ఎలాగూ మార్చాల్సిందే. ఎక్కువ కాలం ఉండే వస్తువు మీదే డబ్బు పెట్టాలి కదా?

ఎనిమిదేళ్ల గాలం

రాస్వెల్ అన్నగారూ, మీ మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను, ఈ సలహా విన్నందువల్లే చాలామంది మొదటి ఏడాదిలోనే మానేస్తున్నారు. ఇది ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే.

చెరువులో గాలం వేసినప్పుడు మనం నిజంగా విసిరేది సీసం గుండును. దాని బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైకి ఆ బరువు లేదు. చిన్న కొక్కేనికి ఈక ముక్కా, కాస్త బొచ్చూ చుట్టి కడతారు, అంతే. అరచేతిలో పెట్టుకుని ఊదితే ఎగిరిపోతుంది. దాన్ని నలభై అడుగుల దూరం మోసుకెళ్లేది లైన్ బరువే. అందుకే ఆ లైన్ మామూలు నైలాన్ దారంలా సన్నగా ఉండదు. లోపల అల్లిన దారం, దాని మీద ప్లాస్టిక్ పూత, ముందు భాగం లావుగా ఉండి కొనకు వచ్చేసరికి సన్నబడుతుంది.

రాడ్ మీద 5 అని ఉంటే అది రాడ్ బరువు కాదు, ఆ రాడ్‌కు సరిపడే లైన్ నంబరు. ప్రమాణం ప్రకారం 5 నంబరు లైన్ మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగుతుంది. 4 నంబరుకు 120, 6 నంబరుకు 160. ఆ తొమ్మిది గ్రాములు రాడ్‌ను వంచాలి, వంగిన రాడ్ తిరిగి లేస్తూ లైన్‌ను తోయాలి. ఈ విద్యకు మూలం అదే. లైన్ నాసిరకందైతే 800 డాలర్ల రాడ్ చేతిలో ఉన్నా చేసేదేమీ లేదు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా మొదటి లైన్ కిట్‌తో వచ్చింది. నెలల తరబడి పెట్టెలో బిగించి చుట్టి ఉంచారేమో, నీటి మీద స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా పడేది. కొన మునిగిపోయి ఫ్లైని కూడా లోపలికి లాగేసేది. రెండు వారాలు రాడ్‌ను తిట్టుకున్నాను. ఒక ఆదివారం పక్కన చేపలు పడుతున్న ఒక అమెరికన్ పెద్దాయన నా అవస్థ చూసి, నా రీల్ ఊడదీసి, తన రీల్‌ను నా రాడ్‌కే బిగించి, రింగుల్లోంచి తన లైన్ ఎక్కించి ఇచ్చాడు. రాడ్ అదే, చేయి అదే. లైన్ గాలిలో చుట్ట విప్పుకుంటూ పోయింది, కొసన ఫ్లై దూదిపింజలా దిగింది. అప్పటిదాకా నా చేతిలోనే లోపం ఉందనుకున్నాను.

కాబట్టి నా లెక్క ఇది. 9 అడుగుల, 5 నంబరు, నాలుగు ముక్కలుగా విడిపోయే రాడ్‌కు 100 నుంచి 120. మరీ బిగుసుగా ఉండేది వద్దు, మధ్యస్థంగా వంగేది తీసుకోండి. ఖరీదైన రాడ్లు చాలావరకు బిగువుగా ఉంటాయి, లైన్ వాటిని వంచుతోందో లేదో కొత్త చేతికి తెలియదు. రీల్‌కు 35 చాలు. ఇక్కడ రాష్ట్రం వాళ్లు వదిలే రెయిన్‌బో ట్రౌట్ ఎక్కువగా పది, పన్నెండు అంగుళాలవి. వాటిని ఎడమ చేత్తో లైన్ లాగుతూ తెచ్చుకుంటాం, రీల్ తిప్పం కూడా. లైన్‌కు 50, 60 పెట్టండి. ముందు భాగం బరువుగా ఉండి నీటి మీద తేలే రకం. పెట్టె మీద డబ్ల్యూఎఫ్-5-ఎఫ్ అని ఉంటుంది. మిగిలిన దానితో లీడర్లు (లైన్ చివర కట్టే సన్నని పారదర్శక దారాలు), టిప్పెట్ (లీడర్ కొనకు కట్టే ఇంకా సన్నని దారం), డజను ఫ్లైలు వస్తాయి.

రాస్వెల్ వాసి

పెద్దాయన లైన్‌తో బాగా పడిందంటే మీ రాడ్ కూడా పనికొచ్చేదే అన్నమాట. చేతిలో పట్టుకోగానే వంపు తెలిసే రాడ్ 100 డాలర్లకు అందరికీ దొరకదు. ఇంకో మాట, రీల్‌ను అంత తేలిగ్గా తీసిపారేయకండి. జార్జియా రాష్ట్ర రికార్డు బ్రౌన్ ట్రౌట్ 2014లో పడింది ఈ చాటహూచీలోనే, 20 పౌండ్లకు పైన తూగింది. అలాంటిది తగిలితే 35 డాలర్ల రీల్ ఏం చేస్తుంది?

కొండవాగు

రాడ్, రీల్, లైన్ అని తగవు పడుతున్నారు గానీ, రీలే లేని పద్ధతి గురించి ఎవరూ మాట్లాడరేం? జపాన్ వారి తెంకారా. పన్నెండు అడుగుల టెలిస్కోపు కర్ర, దాని కొనకు కట్టిన దారం, చివర ఫ్లై. అంతే. మన వెదురు గాలానికి దగ్గరి చుట్టం. 250లో సగానికే అన్నీ వస్తాయి. నేను నూంటూట్లా క్రీక్ లాంటి ఉత్తర జార్జియా కొండవాగుల్లో దీనితోనే పడతాను. చెట్ల కొమ్మల కింద, బండరాళ్ల మధ్య చాప వెడల్పు నీటి గుంటలో ఫ్లైని నిలపాలంటే దీన్ని మించింది లేదు. చెరువులో పట్టిన చేతికి మొదటి రోజే అలవాటవుతుంది.

పాత సామాను ప్రియుడు

వాడినవి కొనండి. ఆశపడి కొని రెండుసార్లు వాడి గ్యారేజీలో పడేసినవాళ్లు ఈ ఊళ్లోనే ఎందరో ఉన్నారు. సగం ధరకు వస్తాయి. ముక్కలు ఒకదానిలో ఒకటి దిగేచోట పగులు ఉందేమో చూడండి, రింగుల లోపల దూది ముక్కతో తుడవండి. దూది పట్టుకుందంటే అక్కడ గీత పడింది, అది లైన్‌ను కోసేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, అన్నగారు చెప్పిన వారంటీ చాలా కంపెనీల్లో మొదట కొన్నవారికే వర్తిస్తుంది. వాడిన లైన్ మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

ఎనిమిదేళ్ల గాలం

వాడిన రాడ్, కొత్త లైన్. దీనికి నాకు అభ్యంతరం లేదు, ఇంకా మంచిది కూడా.

కొండవాగు గారూ, తెంకారా మీద నాకు చిన్నచూపు లేదు. వాగుల్లో మీరు చెప్పిందే నిజం. కానీ అడిగినవారు ఉండేది పెద్ద నది పక్కన. అక్కడ చేప నలభై అడుగుల అవతల లేస్తుంది, పన్నెండు అడుగుల కర్రతో ఒడ్డునుంచి అందదు. అందాలంటే లోతుకు దిగాలి. ఆ నదిలో కొత్తవారిని లోతుకు దింపే ఏ సలహాకైనా నేను అడ్డుపడతాను.

రాస్వెల్ అన్నగారి రికార్డు చేప మాట నిజమే. ఆ చేప తగిలిన రోజున మంచి రీల్ కావాలి, ఒప్పుకుంటున్నాను. మొదటి ఏడాది బడ్జెట్‌ను దాని కోసం పెట్టవద్దంటున్నాను, అంతే.

ఇంత చర్చలో మనం అందరం మరిచిన ఖర్చు ఒకటుంది, నేను కూడా నా లెక్కలో రాయలేదు. బ్యూఫోర్డ్ డ్యామ్ లేనియర్ సరస్సు అడుగు నీటిని వదులుతుంది. అందుకే జార్జియా ఎండల్లో కూడా అక్కడ ట్రౌట్ బతుకుతుంది. నీరు 50 డిగ్రీల ఫారెన్‌హైట్‌కు అటూ ఇటూ ఉంటుంది. జూలైలో నిక్కరుతో దిగినా పావుగంటలో కాళ్లు మొద్దుబారతాయి. విద్యుత్తు కోసం గేట్లు తెరిస్తే నిమిషాల్లో అడుగుల కొద్దీ నీరు పెరుగుతుంది. సైరన్ మోగిందంటే చేప గాలానికి ఉన్నా సరే, దారం తెంపి ఒడ్డెక్కాలి. నీటి విడుదల వేళలు ముందే ఫోనులో తెలుసుకోవచ్చు, కానీ అవి మారుతుంటాయి, వాటినే నమ్ముకుని నది మధ్యకు వెళ్లకూడదు. డ్యామ్ నుంచి హైవే 20 వంతెన దాకా నీటిలో ఉన్నవాళ్లు లైఫ్ జాకెట్ తొడుక్కోవడం తప్పనిసరి. పక్కన పెట్టుకుంటే చాలదు.

అందుకని రాడ్‌ను వాడినది తీసుకుని, అక్కడ మిగిలిన డబ్బుతో మొదట లైఫ్ జాకెట్ కొనండి. వేడర్స్ (నీటిలో దిగేటప్పుడు తొడుక్కునే తడవని ప్యాంటు), బూట్లు వచ్చే ఏడాదికి. అప్పటిదాకా ఒడ్డున నిలబడి పట్టండి, ఒడ్డువారగా తిరిగే చేపలు తక్కువేమీ కావు.

వానపాముల విషయం కూడా చెప్పాలి. హైవే 20 నుంచి మెడ్‌లాక్ బ్రిడ్జ్ దాకా కృత్రిమ ఎరలకే అనుమతి. అలవాటు కొద్దీ ఎర్రలు తీసుకెళ్లకండి. మామూలు లైసెన్సుతో పాటు ట్రౌట్ లైసెన్సు విడిగా తీసుకోవాలి.

కొండవాగు

లోతు సంగతి ఒప్పుకుంటున్నాను. మా వాగుల్లో మోకాలు దాటదు కాబట్టి నాకు ఆ ఆలోచనే రాలేదు. కొత్తవాడు గారూ, ఎప్పుడైనా కొండల వైపు వస్తే మాత్రం నా కర్ర మీకు ఇస్తాను.

రాస్వెల్ వాసి

లైఫ్ జాకెట్ దగ్గర నాకూ వాదన లేదు. రాడ్ దగ్గర ఉంది. వాడినదైనా సరే, చేతిలో పట్టుకుని నాలుగుసార్లు విసరకుండా కొనకండి. ఫోటో చూసి కొన్న రాడ్ నాకు ఇప్పటికీ గోడకు వేలాడుతోంది.

కమ్మింగ్ కొత్తవాడు

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

వాడిన 9 అడుగుల 5 నంబరు రాడ్ 70కి దొరికింది. రాస్వెల్ అన్నగారు చెప్పినట్టే వాళ్ల పెరట్లో విసిరి చూశాకే డబ్బు ఇచ్చాను. రింగుల్లో దూదితో తుడిస్తే మూడో దాంట్లో పోగు చిక్కింది. అది చూపించగానే పది డాలర్లు తగ్గించారు, ఆ రింగు 12కి మార్పించాను. కొత్త రీల్ 35, కొత్త లైన్ 55, లైఫ్ జాకెట్ 40. 9 అడుగుల 5ఎక్స్ (కొన ఎంత సన్నమో చెప్పే నంబరు) లీడర్లు రెండు, టిప్పెట్ ఒక చుట్ట, వూలీ బగ్గర్, ఫెసెంట్ టెయిల్, జీబ్రా మిడ్జ్ అనే ఫ్లైలు తలా నాలుగు. మొత్తం 248 అయింది. లైసెన్సులు విడిగా తీసుకున్నాను.

కొక్కెం బదులు లీడర్ చివర ఎర్ర ఉన్ని ముడి కట్టి రోజూ సాయంత్రం పెరట్లో సాధన చేస్తున్నాను. వెనక్కి ఊపినప్పుడు లైన్ పూర్తిగా చాచుకునే దాకా ఆగలేకపోతున్నాను, తొందరపడి ముందుకు తోస్తున్నాను, కొరడాలా చప్పుడవుతోంది. చెరువులో ఎప్పుడూ ఇలా ఆగాల్సిన పని పడలేదు. మా అమ్మాయి వెనక నిలబడి లైన్ చాచుకోగానే "ఇప్పుడు" అని అరుస్తోంది. ఆ లెక్కన పదికి ఆరు బాగా పడుతున్నాయి.

శనివారం ఉదయం నీరు వదలకపోతే బౌమన్స్ ఐలాండ్ దగ్గర ఒడ్డున ఉంటాను. ఎనిమిదేళ్ల గాలం గారూ, వీలైతే రండి. మీ రీల్ కూడా తెచ్చుకోండి, ఒకసారి నా రాడ్‌కు బిగించి చూడాలని ఉంది.