చెన్నైలో తొందర లేకుండా చూసేవి, చేసేవి చెప్తారా?

వేళచ్చేరి_వాసి
తెర చూసీ చూసీ విసుగొచ్చినవాళ్లకి పనికొచ్చేవి చెప్పండి. ఆదివారం రెండు గంటలు, రోజూ పొద్దున పావుగంట. ఖర్చు తక్కువుండాలి. ధ్యానం యాప్‌లు వద్దు, అవీ ఫోనే కదా.

ఎగ్మూరు_గుమ్మం
ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు. శుక్రవారం సెలవు. ఒక్కోసారి మరమ్మతులకని గదులు మూస్తారు, టికెట్ కొనేముందే అడగండి. నలగిరి అని, బుద్ధుడి మీదకి వదిలిన మదపుటేనుగు కథ, ఆ శిల్పం ఒక్కటి చూస్తే చాలు. మన పల్నాటి సున్నపురాయి, క్రీ.శ. 2వ శతాబ్దం పని. గుండ్రటి రాతిలో ఏనుగు ఒకచోట జనం మీద పడుతుంటుంది, ఇంకోచోట బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. రెండూ ఒకే ఏనుగు. అది తెలియకే చాలామంది నిమిషంలో దాటిపోతారు. మొదటి పది నిమిషాలు పెన్సిల్ తీయకండి. పైన కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్లని వెతకండి. తర్వాత 2బి పెన్సిల్‌తో గుండ్రం, అందులో ఏనుగు వీపు గీతలు రెండుచోట్లా వేయండి. ముఖాలతో మొదలెడితే చోటు చాలదు. ఫోటో వెళ్లేముందు తీసుకోండి, ముందే తీస్తే కళ్లు పని మానేస్తాయి.

చుక్కల_పిండి
పావుగంటకి మెలికల ముగ్గు. ఫ్లాటు గుమ్మంలో టైల్ ఉంటే పొడిపిండి నిలవదు, తడిపిండే మేలు. గుప్పెడు బియ్యం రెండు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, మజ్జిగలా పలచన చేయండి. గుడ్డపీలిక ముంచి గుప్పిట్లో నొక్కితే పిండి ఉంగరం వేలి మీదుగా జారుతుంది. వేసేటప్పుడు గీత సరిగ్గా కనపడదు. కంగారుపడి పిండి చిక్కబరచకండి, ఆరాక అదే తెల్లబడుతుంది. చిక్కటి గీత పెచ్చులూడుతుంది. చుక్కలు వరుసగా 1-3-5-3-1, మధ్య రెండు వేళ్ల ఎడం. గీత చుక్కని తాకకుండా తిరిగి, బయల్దేరిన చోటికే చేరాలి. చేరలేదంటే అంచు దగ్గర ఏదో మలుపు తప్పినట్టే, ముందు అక్కడ చూడండి.

మైలాపూరు_మూల
డిసెంబరు అయితే సంగీత సభల్లో పగటి కచేరీలు. చాలావాటికి టికెట్ ఉండదు. నెరవల్ కోసం కాచుకోండి: పాటలో ఒకే పంక్తిని, మాటలు తాళంలో తమ చోటు వదలకుండా, సంగతులు (రాగంలో పాడే తీరులు) మార్చి మార్చి పాడతారు. త్యాగరాజ కృతైతే మనకి మాట తెలుస్తుంది. చిక్కూ అదే, పదం తప్పుగా విరిచారంటే చెవిలో ముల్లే. ఆది తాళం వేస్తూ వినండి: అరచేత్తో ఒక దెబ్బ, చిటికెన, ఉంగరం, మధ్య వేళ్లు, ఆపైన దెబ్బ-విసురు (అరచెయ్యి తిప్పడం) రెండుసార్లు. మొత్తం 8. తప్పితే ఆపి, పాడేవారి చెయ్యి చూసి మళ్లీ మొదటి దెబ్బకి కలవండి.

వేళచ్చేరి_వాసి
తడిపిండి టైల్ మీద మరక పడుతుందా? అద్దె ఇల్లు.

చుక్కల_పిండి
పడదు, తడిగుడ్డతో పోతుంది. జేగురు మాత్రం పెట్టకండి, టైళ్ల సందుల్లోకి దిగితే రాదు.